ఎవరి చెవికి?

ఆసుపత్రి క్వార్టర్లు, మూడో అంతస్తు
ఆదివారం పొద్దున

ఒరేయ్ నత్తా,

ఫోన్ చెయ్యకు. చేసినా నీ మాట నాకు బావిలోంచి గొణిగినట్టు వస్తోంది. రిపేరుకిస్తే షాపువాడు నాలుగు రోజులు ఉంచుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊది, తుడిచి, "బానే ఉందండీ" అని చేతిలో పెట్టాడు. మెసేజీలూ పెట్టకు. "సరే", "చూద్దాం" అని రెండు ముక్కలు కొట్టి తప్పించుకుంటావు. కాగితం మీద రాయి. ఊరందరికీ కార్లు నడపడం నేర్పుతావు, నాలుగు వాక్యాలు నడపలేవా?

అసలు సంగతికొస్తా. మా డాబా మీద నీళ్ళ ట్యాంకు కింద సూదిపిట్టలు గూడు కట్టాయి. గుర్తుందా, చిన్నప్పుడు గోడెక్కి కూర్చుని మనం పెట్టిన పేరు? బొటనవేలంత పిట్ట, "స్సీ... స్సీ" అని చెవిలో సూది గుచ్చినట్టు కూసేది. అదే. డ్యూటీ దిగాక డాబా ఎక్కి పిట్టల కూతలు రికార్డు చేసుకోవడం నాకున్న ఒకే ఒక్క పిచ్చి అని నీకు తెలుసుగా. పక్కింటి మోటారు రొదలో దీని గొంతు విడిగా చెవికి అందట్లేదని, దీని కోసమే కొత్త మైకు తెప్పించా. పెద్ద కంపెనీ, పెద్ద పెట్టె.

మైకు చెవిటిదిరా! పిట్ట నా కళ్ళ ముందే నోరు తెరుస్తుంది, గొంతు దగ్గర ఈకలు వణుకుతాయి, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఏమీ లేదు. కాకి వినిపిస్తుంది, కింద వాచ్‌మన్ దగ్గు వినిపిస్తుంది, పిట్ట ఒక్కటీ ఉత్తినే నోరు తెరిచి మూసుకుంటుంది.

కస్టమర్ కేర్‌కి రాశా. "స్విచ్ ఆపి మళ్ళీ వేయండి" అన్నారు. వేశా. "మీ సహనానికి ధన్యవాదాలు" అన్నారు. నాకు సహనం ఉందని వాళ్ళకెవరు చెప్పారు? మైకు మార్చారు. కొత్తదీ అంతే. మళ్ళీ మార్చారు. అదీ అంతే. చివరికి రికార్డింగు పంపమన్నారు. పంపితే ఎవరో ప్రతినిధట, ఏం రాసిందో చూడు: "మేడమ్, మీ రికార్డింగు రెండుసార్లు విన్నాను. నాకు పిట్ట వినిపిస్తోంది. చాలా బావుంది కూడా." ఎంత పొగరు! నా చెవిలో పువ్వు పెడదామనుకుంది. ఒంటికాలి మీద లేచి పై అధికారికి ఫిర్యాదు పెట్టా. "సదరు ప్రతినిధిపై తగిన చర్య తీసుకున్నాము" అని నిన్ననే జవాబొచ్చింది. తిక్క కుదిరింది.

కవరులో మెమరీ కార్డు పెట్టా, పిట్ట రికార్డింగు అందులో ఉంది. మీ ఊళ్ళో షాపులు బోలెడు. మైకుల గురించి తెలిసిన మనిషి ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు దొరుకుతారేమో వెతికి, ఇది వినిపించి, ఏం మైకు కొనాలో కనుక్కో.

అక్క


డ్రైవింగ్ స్కూలు, మెట్ల కింద గది
గురువారం

అక్కా,

నీ పని మీద కాళ్ళరిగేలా తిరిగాను. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని రోజంతా బ్రేకు తొక్కే నాకు ఇదొక కొత్త వ్యాయామం.

మొదటి షాపు అద్దాల మేడలో ఉంది. సేల్స్‌మన్ ఎదురొచ్చి "పాటలు పాడతారా సార్, వీడియోలు చేస్తారా?" అన్నాడు. పిట్టల కోసమయ్యా అన్నాను. మొహం నిండా నవ్వుతో "పిట్టలకి పై అంతస్తు సార్, పెంపుడు జంతువుల షాపు" అన్నాడు. పైకెళ్ళలేదులే.

రెండో షాపాయన మైకు పెట్టె తీసి దాని మీద ఉన్నదంతా నాకు చదివి వినిపించాడు. చదవడం నాకూ వచ్చు కదా, ఇంకేమైనా తెలుసా అంటే, పెట్టె తిప్పి వెనక వైపు కూడా చదివాడు. మూడో చోట అన్నీ విని, తల ఊపి, "మా దగ్గర రెండు రంగులున్నాయి" అన్నారు. నాలుగో చోట నన్ను లైన్లో నిలబెట్టి చీటీ ఇచ్చారు. నా వంతు వచ్చేసరికి భోజనానికి వెళ్ళిపోయారు. తల ప్రాణం తోకకొచ్చింది. ఆ కౌంటర్ల ముందు నీలాంటిది నిలబడాలే తల్లీ, నాలాంటివాడు కాదు.

కార్డు ఇంట్లో పెట్టి చూశాం. ఆ సంగతి ఇంకా తేలలేదు. ఇంకో చోటు గురించి ఎవరో చెప్పారు, అక్కడికీ వెళ్ళొచ్చి రాస్తాను. ఈలోపు ఇంకో మైకు కొనెయ్యకు.

అడిగానని కోప్పడకు. డ్యూటీలో అంతా బానే ఉందా? నీ మరదలు కూడా అడుగుతోంది.

తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్లు
సోమవారం

ఒరేయ్,

డ్యూటీ గురించి ఎందుకడిగావు? ఎవరైనా ఏమైనా చెప్పారా? పిట్ట గురించి అడిగితే డ్యూటీ గురించి అడుగుతావేం? కార్డు పెట్టి చూశాం అన్నావు, తేలలేదన్నావు. తేలకపోవడానికి అదేమన్నా కోర్టు కేసా?

అడిగావు కాబట్టి చెబుతున్నా. మా పసిపిల్లల వార్డులో మందు ఎక్కించే పంపులు కొత్తవి వచ్చాయి. గొట్టం మడతపడి మందు ఆగితే అలారం మోగాలి. పోయిన వారం కిటికీ పక్క ఉయ్యాలలో బిడ్డ దగ్గర నిలబడి గుడ్డలు మడతపెడుతున్నా. నాతో డ్యూటీ చేసే అమ్మాయి అవతలి గదిలోంచి పరుగున వచ్చి గొట్టం సరిచేసింది. "అక్కా, ఇంతసేపట్నించీ మోగుతోంది, వినపడట్లేదా?" అంది. మోగితే కదా వినపడేది!

బిడ్డకేం కాలేదు. కాలేదు కాబట్టి సరిపోయింది. ఆ పంపుల కంపెనీకి రాశా, మీ అలారం చీమ కుట్టినంత కూడా లేదని. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు. థర్మామీటర్లూ అంతే. ఇదివరకు టెంపరేచరు తేలగానే కూసేవి, ఇప్పుడు కుయ్ మనవు. అన్నీ చచ్చు సరుకు. ఎవడికీ తను అమ్మేదేంటో తెలీదు, కొన్నవాళ్ళు నోరు మూసుకుని పడుంటారని ధీమా.

సంగతి హెడ్ సిస్టర్ దాకా వెళ్ళింది. అదోలా చూసింది. తిట్టినా బావుండేది.

నువ్వు త్వరగా రాయి. నీ ఉత్తరం కోసం గేటు దాకా తిరిగి తిరిగి చెప్పులరుగుతున్నాయి.

అక్క


డ్రైవింగ్ స్కూలు
బుధవారం

అక్కా,

కూర్చుని చదువు. కోపం వస్తే చివరి దాకా చదివాక తెచ్చుకో.

మైకుల గురించి తెలిసిన మనిషి దొరికింది. టైర్ల షాపు పైన ఇరుకు గది. తలుపు నించి కౌంటరు దాకా పాత టేపు రీళ్ళే, అందుకే చుట్టుపక్కల వాళ్ళు ఆమెని రీళ్ళావిడ అంటారట. నోరు మంచిది కాదు. నా ముందున్న మనిషి ఖరీదైన మైకు అడిగితే "మీ ఇంట్లో ఫ్యాను ఆపుకుంటే చాలు, పోండి" అని పంపేసింది. ఈవిడ వ్యాపారం ఎట్లా చేస్తోందో దేవుడికే తెలియాలి.

నేను కార్డు ఇచ్చి మా అక్కకి మైకు కావాలన్నాను. ఏ కంపెనీ అని అడగలేదు, ఎంతలో అని అడగలేదు. "ఎవరి చెవికి?" అంది. నాకర్థం కాలేదు. "మైకుకి ఒక చివర పిట్ట ఉంటుంది, ఇంకో చివర మీ అక్క చెవి ఉంటుంది. అందరూ పిట్ట వైపే చూసి అమ్ముతారు. నేను రెండో చివర కూడా చూస్తాను" అంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, సన్నటి చప్పుళ్ళు ఒక్కోటీ వదులుతూ, వినపడినప్పుడల్లా వేలెత్తమంది. ఎవరొచ్చినా ఇంతేనట. వేలెత్తకపోతే మైకు అమ్మదు.

తర్వాత నీ కార్డు పెట్టి వింది. చప్పుడుని బొమ్మలా గీసే మిషనుంది ఆమె దగ్గర. ఆ కాగితం దీనితో పంపుతున్నా. కింద నల్లగా అలికినట్టున్నది మోటారు. మధ్యలో మచ్చ వాచ్‌మన్ దగ్గు. పైన, అంచుకి దగ్గరగా, సూదితో గీసినట్టు సన్నటి గీతలున్నాయి చూడు, వరసగా. అదే సూదిపిట్ట.

అక్కా, అది కార్డులో ఉంది. నాకు మొదటి రోజే వినిపించింది. కార్డు పెట్టగానే నీ మరదలు వంటింట్లోంచి వచ్చి "కిటికీలో పిట్టేంటి?" అంది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. నీకెట్లా రాయాలో తెలీక షాపుల సోది రాసి నీళ్ళు నమిలాను. నీ ఉత్తరంలో పంపు సంగతి చదివాక ఇంక నాన్చలేను.

మైకు బానే ఉంది. ఫోన్ బానే ఉంది. పంపూ బానే ఉంది. నీ చెవికి సన్నటి చప్పుళ్ళు అందట్లేదు. చాలామందికి ఈ వయసులో మొదలవుతుందని, చెవి మిషను పెట్టుకుంటే చాలావరకు వినపడుతుందని రీళ్ళావిడ అంది. డాక్టరుకి చూపించుకో. అంతకంటే ముందు హెడ్ సిస్టర్‌కి చెప్పు. ఉయ్యాలలో ఉన్నది నోరులేని బిడ్డ, ఆ గదిలో వాడికి నువ్వే చెవి.

తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్లు
శనివారం

నీ రీళ్ళావిడకి డాక్టరు పట్టా ఎవరిచ్చారు? టైర్ల షాపు మీద కూర్చుని నా చెవి సంగతి తేల్చేసిందా? నా వార్డులో బిడ్డ ఊపిరి తేడాగా తీస్తే ముందు తెలిసేది నాకు. డాక్టర్లు వచ్చి నన్నడుగుతారు. నేను చెవిటిదాన్నా?

మొదటి రోజే తెలిసి దాచావు. మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారట. చూసుకోండి. బాగా చూసుకోండి.

ఆ కాగితం చింపేశా. ఇంక నాకేం రాయకు.


డ్రైవింగ్ స్కూలు
మంగళవారం

అక్కా,

రాయకు అన్నావు, రాస్తున్నా. చింపు, నా దగ్గర ఇంకో కాపీ ఉంది.

ఇందులో ఇంకో కార్డు పెట్టాను. రీళ్ళావిడ నీ పిట్ట కూతని బాగా నెమ్మదిగా నడిపి మళ్ళీ రికార్డు చేసింది. నెమ్మదిస్తే గొంతు బొంగురుగా కిందకి దిగుతుందట, అప్పుడు నీ చెవికి అందుతుందట. డబ్బులేమీ తీసుకోలేదు. "మీ అక్క తిడుతోందా? తిట్టనీ, నేనూ తిట్టాను" అంది. అప్పుడు చూశా, ఆమె జుట్టు కింద, రెండు చెవుల వెనకా మిషన్లున్నాయి.

విను. విన్నాక ఇష్టమొచ్చినట్టు తిట్టుకో. కానీ శుక్రవారంలోపు హెడ్ సిస్టర్‌కి నువ్వు చెప్పకపోతే, శనివారం పొద్దున మొదటి బస్సుకి నేనే వచ్చి చెబుతా. నువ్వు నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే. నాకు నువ్వంటే భయమే అక్కా, చిన్నప్పట్నించీ భయమే. కానీ ఆ అలారం మళ్ళీ మోగుతుందేమోనని అంతకంటే భయంగా ఉంది. క్లాసులో పక్కవాడు క్లచ్ వదిలేసినా నాకు తెలియట్లేదు.

తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్లు
శుక్రవారం

ఒరేయ్ నత్తా,

బస్సెక్కకని పోయిన వారమే మెసేజీ పెట్టాగా. చెప్పేశా.

కార్డు ముందు మంచం కింద పడేశా. తర్వాత తీశా. తీసి, పెట్టి, పక్కన కూర్చున్నా. దూరంగా ఎవరో ఈల వేస్తున్నట్టు, పైకి లేచి, వంగి, మళ్ళీ లేచి... అది కూతలా లేదురా. మాటలా ఉంది. మనం గోడ మీద విన్నది చిన్న గుచ్చుడే కదా, దాని లోపల ఇంత ఉందని మనకి తెలీనే తెలీదు. ఎన్నిసార్లు పెట్టుకున్నానో. ఏడ్చాను. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాను.

తర్వాత లేచి థర్మామీటరు చంకలో పెట్టుకున్నా. అంకెలు వెలిగి ఆగాయి. ఏమీ వినపడలేదు. తీసి చెవికి ఆనించుకుని మళ్ళీ చూశా. ఎక్కడో, పక్క వీధిలో కూసినట్టు కూసింది. అప్పుడు ఒప్పుకున్నా. కొన్ని నెలలుగా వార్డులో నేను విని కాదు, చూసి నెట్టుకొస్తున్నా. నాకది తెలుసు కూడా. తెలిసే, కనపడ్డ కంపెనీనల్లా తిట్టుకుంటూ కూర్చున్నా.

హెడ్ సిస్టర్ గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పా. ఆవిడ తలుపేసి, "నువ్వు వస్తావనే ఎదురుచూస్తున్నా. ఈ వారం రాకపోతే నేనే పిలిచేదాన్ని" అంది. వార్డు నించి తీసేసింది. టీకాల గదిలో వేసింది. అక్కడ పిల్లలు ఏడ్చే ఏడుపుకి మిషన్లక్కర్లేదు. వార్డు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టేటప్పుడు నా వేళ్ళు విడిపడలేదురా. ఆవిడే మెల్లిగా తీసుకుంది.

డాక్టరు చూశాడు. నీ రీళ్ళావిడ చెప్పిందే చెప్పాడు, కాకపోతే ఫీజు తీసుకుని చెప్పాడు. మిషను పెట్టుకోమన్నాడు. ఇప్పుడు ఆ షాపుల చుట్టూ తిరుగుతున్నా, మళ్ళీ అదే గోల. మొదటివాడు "మేడమ్, ఇది చెవి వెనక దాక్కుంటుంది, ఎవరికీ కనపడదు" అని మొదలెట్టాడు. వినపడుతుందా బాబూ అంటే "అసలు కనపడదు మేడమ్" అంటాడు. నాకు వినపడాలి మొర్రో అంటుంటే జనానికి కనపడకపోవడం ఎందుకురా?

మరదలికి చెప్పు, ఆ రోజు రాసింది మనసులో పెట్టుకోవద్దని.

అక్క


డ్రైవింగ్ స్కూలు
సోమవారం

అక్కా,

బస్సు టిక్కెట్టు చింపేశా. ఆ ఉత్తరం చదివి నీ మరదలు కళ్ళు తుడుచుకుంటూనే నన్ను తిట్టింది, ఇంత ఆలస్యం చేశావేంటని. మీ ఇద్దరి మధ్యా నా బతుకు ఎప్పుడూ ఇంతే.

రీళ్ళావిడతో చెప్పాను. వెంటనే రాయమంది: షాపులో వాళ్ళు నీ చెవి దగ్గర "హలో హలో" అంటే తల ఊపకూడదట. పిట్ట కార్డు తీసుకెళ్ళి అక్కడే పెట్టుకుని, థర్మామీటరు కూడా పట్టుకెళ్ళి, ఆ రెండూ వినపడేదాకా మిషను సరిచేయిస్తూనే ఉండాలట. లేవమన్నా లేవకూడదట. విసుక్కోకుండా నీతోపాటు ఎవరు కూర్చుంటారో వాళ్ళకి పని తెలిసినట్టట. కుర్చీలోంచి లేవకపోవడంలో నీకెవరూ నేర్పక్కర్లేదని చెప్పాను.

తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్లు
ఆదివారం

ఒరేయ్ నత్తా,

ఫోను పక్కన పెట్టుకుని రాస్తున్నా. మైకు కంపెనీ వాళ్ళు "మీ కాల్ మాకు ముఖ్యం" అని చెప్పి సంగీతం వేసి పోయారు. ఎందుకో చెబుతా.

రెండు షాపుల వాళ్ళు నన్ను మర్యాదగా సాగనంపారు. మూడో దాంట్లో కళ్ళద్దాలావిడ ఒకామె ఉంది. పిట్ట కార్డు చూసి నవ్వలేదు. "వినిపించండి, నేనూ వింటా" అంది. ఇద్దరం పొద్దున్నించి కూర్చున్నాం. మిషను చెవికి పెట్టగానే కుర్చీ కాలు గీసుకున్న చప్పుడుకి అదిరిపడ్డా. కాగితం ఇంత రొద చేస్తుందని మర్చిపోయా. తర్వాత థర్మామీటరు కూసింది. నా చంకలోంచి కూసిందిరా, పక్క వీధిలోంచి కాదు. ఆఖరికి పిట్ట. బొటనవేలంతే. గుచ్చింది.

నిన్న హెడ్ సిస్టర్ నన్ను వార్డులోకి పిలిచి, గోడ వైపు తిప్పి నిలబెట్టింది. వెనకాల నించి ఖాళీ పంపు మోగించింది. నీ రీళ్ళావిడ స్టూలు మీద నువ్వు చేసినట్టు నేనూ వేలెత్తా. గది ఆ చివర నించి మోగించింది. ఎత్తా. తలుపేసి అవతల నించి మోగించింది. ఎత్తలేదు. వినపడలేదు, ఎత్తలేదు. అబద్ధానికి ఎత్తొచ్చు, నాకు మోగుతుందని తెలుసు కదా. ఎత్తలేదు. ఆవిడ లోపలికొచ్చి, "వచ్చే నెల నించి రా. ఒక్కదానివి మాత్రం ఉండకూడదు" అంది. తాళంచెవి ఇవ్వలేదు. అడగలేదు నేను.

ఇంక ఈ ఫోను సంగతి. ఆ ప్రతినిధి గుర్తుందా, పిట్ట బావుందని రాసింది? అన్ని కంపెనీల్లోనూ నేను పంపింది నిజంగా విన్న మనిషి ఆ ఒక్కతే. దాని మీదే ఫిర్యాదు పెట్టి, తిక్క కుదిరిందని నీకు గొప్పగా రాశా. ఆ మాట తలచుకుంటే నా మొహం నేనే చూసుకోలేకపోతున్నా. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని రాస్తే "పరిష్కరించిన ఫిర్యాదును తిరిగి తెరవలేము" అని జవాబు. ఫోన్ చేస్తే "ప్రతినిధుల వివరాలు ఇవ్వలేము" అన్నారు. ఈ వారమంతా టీకాల గది మూయగానే ఇదే పని. పెట్టెయ్యమంటే పెట్టను. ఈ సంగీతం కూడా ఎంత దరిద్రంగా ఉందో ఇప్పుడే స్పష్టంగా వినపడుతోంది.

ఆగు, ఎవరో ఎత్తారు.

సరే. ముందు ఒకాయన, తర్వాత ఇంకొకాయన, తర్వాత వాళ్ళ సూపర్‌వైజరు. ఆయనకి మొత్తం చెప్పా, చెవి మిషనుతో సహా. ఆయన అంతా విని, "ఆ అమ్మాయిని బిల్లుల సెక్షన్‌కి మార్చామండీ. ఉండండి, నేనే కలుపుతా, మీ ఫిర్యాదు తప్పని నేను కూడా రాసిపెడతా" అన్నాడు. మళ్ళీ సంగీతం. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నా, క్షమించమని, నీ తప్పేం లేదని.

ఫోన్ ఎత్తి, నా పేరు చూసుకున్నట్టుంది. చిన్న గొంతు, సన్నటి గొంతు. పోయిన నెలయితే నాకు వినపడే గొంతు కాదు. నేను రాసుకున్న కాగితం తీసేలోపే, "మేడమ్, పిట్ట వినిపించిందా?" అంది.

వినిపించిందమ్మా అన్నాను.

అక్క